అమ్మ వెంట బాబు, నాన్న వెంట పాప: బయట టాయిలెట్‌కి తీసుకెళ్ళడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లి ఒక్కతే కొడుకుని తీసుకుని, లేదా తండ్రి ఒక్కడే కూతుర్ని తీసుకుని బయల్దేరినప్పుడు ఏ బస్టాండులోనో గుడి క్యూలోనో పిల్లలు "అర్జెంట్" అంటారు. ఎదురుగా లేడీస్ అని ఒక బోర్డు, జెంట్స్ అని ఇంకో బోర్డు ఉంటాయి. ఎటు వెళ్ళాలో ఆలోచించుకునేంత టైమ్ పిల్లలు ఇవ్వరు. మా ఇంట్లో బాబు, పాప ఇద్దరూ ఉన్నారు, ఇద్దరితోనూ బస్సులు, రైళ్ళు బాగానే తిరుగుతాం. తెలిసినవాళ్ళు, బంధువులు మమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడిగేవే ఇక్కడ రాశాను.

మా బాబుకి నాలుగేళ్ళు. లేడీస్‌లోకి తీసుకెళ్తే ఎవరైనా ఏమైనా అంటారా?

తీసుకెళ్ళండి. అంత చిన్నపిల్లాణ్ణి తల్లి వెంట తీసుకెళ్తే మన దగ్గర ఆడవాళ్ళు మామూలుగా పట్టించుకోరు, పైగా "ముందు మీరు వెళ్ళండమ్మా, బాబు ఆగలేడు" అని లైన్లో దారి ఇచ్చేవాళ్ళే ఎక్కువ. డబ్బులు తీసుకునే కౌంటర్ దగ్గర కూర్చున్నాయన మాత్రం ఒక్కోసారి "బాబుని ఆ పక్కకి పంపమ్మా" అంటాడు. "చిన్నపిల్లాడండీ, నాతోనే వస్తాడు" అని చెప్పి నడుస్తూనే ఉండండి. అక్కడ నిలబడి వాదన పెట్టుకుంటే వాడి నిక్కరు తడిసిపోతుంది.

ఏ వయసు వరకు ఇలా తీసుకెళ్ళవచ్చు? చట్టం ఏమైనా ఉందా?

టాయిలెట్ల విషయంలో ఇన్నేళ్ళ వరకే అని గీత గీసిన చట్టం మన దేశంలో లేదు. రైళ్ళలో లేడీస్ కంపార్ట్‌మెంట్‌కి ఒక లెక్క ఉంది, తల్లితో పాటు 12 ఏళ్ళ లోపు మగపిల్లల్ని రానిస్తారు. టాయిలెట్‌కి అంత వయసు దాకా అవసరం రాదు గానీ, ఎవరైనా మరీ గట్టిగా మాట్లాడితే గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది.

నన్నడిగితే ఆరేళ్ళ వరకు రెండో ఆలోచనే వద్దు. ఏడు, ఎనిమిది వచ్చాక చోటుని బట్టి చూడాలి. ఒకే గుమ్మం ఉండి, వెలుతురు బాగా ఉండి, మనుషులు తిరుగుతున్న మాల్ అయితే వాడిని జెంట్స్‌కి పంపి గుమ్మం దగ్గర నిలబడవచ్చు. రాత్రి పదింటికి హైవే మీద డాబా వెనకాల, బల్బు ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉన్న చోట అయితే తొమ్మిదేళ్ళవాడైనా నా వెంటే వస్తాడు. అప్పుడు ఎవరేమనుకుంటారో అన్న బాధ నాకు లేదు. పిల్లాడు పెద్దవాడయ్యే కొద్దీ లోపలున్న ఆడవాళ్ళకి, ఆడపిల్లలకి ఇబ్బందిగా ఉండడం మాత్రం నిజం. అందుకే వాడి భుజం మీద చెయ్యి వేసి నేరుగా క్యాబిన్‌కే తీసుకెళ్ళండి, అద్దాల దగ్గర ఆడుకోనివ్వకండి, పని కాగానే బయటికి వచ్చేయండి.

నేను నాన్నని. పాపకి అయిదేళ్ళు. నేను ఎటు వెళ్ళాలి?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. తల్లి కొడుకుని లేడీస్‌లోకి తీసుకెళ్తే లోకం సర్దుకుంటుంది గానీ, తండ్రి కూతురి కోసం లేడీస్‌లోకి వెళ్ళలేడు, వెళ్ళకూడదు కూడా. అలాగని అయిదేళ్ళ పాపని ఒక్కదాన్నే లోపలికి పంపడమూ కుదరదు. ఈ భయంతోనే చాలామంది నాన్నలు పాపని తీసుకుని ఊరు బయల్దేరడమే మానేస్తారు, లేదా పొద్దున్నుంచి నీళ్ళు తాగించకుండా తీసుకెళ్తారు. రెండూ వద్దు.

ముందుగా వీల్‌చైర్ బొమ్మ ఉన్న టాయిలెట్ ఉందేమో చూడండి. మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో, పెద్ద ఆసుపత్రుల్లో ఉంటుంది. విడిగా ఒక గదిలా ఉంటుంది, లోపల చోటు ఎక్కువ, చాలాచోట్ల ఆడ మగ తేడా లేకుండా వాడుకోవచ్చు. తాళం వేసి ఉంటే హౌస్‌కీపింగ్ వాళ్ళని అడగండి, చిన్నపిల్ల అని చెప్తే తీస్తారు. వీల్‌చైర్‌లో ఎవరైనా ఎదురుచూస్తుంటే ముందు వాళ్ళనే వెళ్ళనివ్వాలి, అది వాళ్ళ కోసం కట్టింది.

అది లేకపోతే జెంట్స్‌కే. గుమ్మం బయటే పాపని ఎత్తుకోండి, ముఖం మీ భుజం మీద ఆనించమనండి. "పాపని తీసుకొస్తున్నానండీ" అని లోపలున్నవాళ్ళకి వినపడేలా ఒక్క మాట అనండి. ఆ ఒక్క మాటకే మగవాళ్ళు సర్దుకుంటారు, పక్కకి తిరుగుతారు, ఖాళీగా ఉన్న క్యాబిన్ చూపిస్తారు. యూరినల్స్ వైపు మీ వీపు ఉండేలా నడిచి క్యాబిన్ తలుపు కాలితో తోసి, లోపల శుభ్రంగా ఉందో లేదో చూసుకున్నాకే పాపని దించండి. ఇద్దరూ లోపలే, గడియ మీరే పెట్టండి. కొన్ని బంకుల్లో, పాత హోటళ్ళలో జెంట్స్ అంటే యూరినల్స్ మాత్రమే ఉంటాయి, క్యాబిన్ ఉండదు. అందుకని పాపని ఎత్తుకుని వెళ్ళే ముందు ఎవరినైనా అడగండి.

పట్టు లంగా కట్టిన పాపని ఫంక్షన్ హాల్లో తీసుకెళ్ళాల్సి వస్తే నాన్నలకి చెమటలు పడతాయి. లంగా అంచుని వెనక నుంచి పైకి మడిచి, మొత్తం ముందుకి తెచ్చి, పాప రెండు చేతులతో గుండెలకి హత్తుకుని పట్టుకునేలా ఇవ్వండి. అప్పుడు మీ చేతులు ఖాళీ అవుతాయి. ఇండియన్ టాయిలెట్ అయితే వెనక నిలబడి రెండు చంకల కింద పట్టుకుంటే జారదు. కడిగేటప్పుడైనా తుడిచేటప్పుడైనా ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. వెనక నుంచి ముందుకి చేస్తే మోషన్‌లోని క్రిములు మూత్రనాళానికి చేరి ఇన్ఫెక్షన్ వస్తుంది, ఆడపిల్లల్లో ఆ దారి చాలా దగ్గర.

తండ్రి కూతుర్ని కడగడం ఏంటి, ఎవరైనా ఆడవాళ్ళని పిలవచ్చుగా అంటారు మా వాళ్ళు.

అననివ్వండి. కన్నతండ్రి చిన్నపిల్లని కడిగితే అందులో తప్పు వెతికే మాట నాకు ఎప్పటికీ మింగుడుపడదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఊళ్ళో లేనప్పుడు, అసలు లేనప్పుడు ఆ పాపకి ఉన్నది నాన్నే. మీరు కంగారు పడకుండా, మామూలు పని చేసినట్టు చేస్తే పాపకీ మామూలుగానే ఉంటుంది. ఊహ తెలిసి, తనంతట తాను కడుక్కోగలిగే వయసు వచ్చాక తనే "నువ్వు అటు తిరుగు నాన్నా" అంటుంది. అన్న రోజు నుంచి అటు తిరగండి.

తెలియని ఆడవాళ్ళని సాయం అడగవచ్చా?

అడగవచ్చు, ఎవరిని అన్నది చూసుకుని. అక్కడ పనిచేసే యూనిఫామ్ ఉన్న ఆవిడ అయితే మంచిది, లేదా తన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తున్న తల్లి. "అమ్మా, మా పాపని కాస్త లోపలికి తీసుకెళ్తారా, నేను ఇక్కడే గుమ్మం దగ్గర ఉంటాను" అనండి. పాపకి మాత్రం ముందే చెప్పండి, క్యాబిన్ తలుపు వేసుకోవాలి గానీ గడియ పెట్టొద్దని, నాన్న గొంతు వినపడుతూనే ఉంటుందని. బయట నుంచి మాట్లాడుతూనే ఉండండి. పాప "నేను వెళ్ళను" అంటే బలవంతం చేయకండి. తెలియనివాళ్ళతో వెళ్ళొద్దని నేర్పేది మనమే కదా.

నాకే వెళ్ళాలి. పిల్లాణ్ణి ఏం చేయాలి?

వెంటే తీసుకెళ్ళాలి. బయట బెంచీ మీద కూర్చోబెట్టి "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అనడం వద్దు.

క్యాబిన్ ఇరుకు, నేల తడి, బ్యాగ్ పెట్టడానికి చోటు ఉండదు. తలుపుకి మేకు కూడా చాలాచోట్ల ఉండదు కాబట్టి బ్యాగ్ మెడలో అడ్డంగా వేసుకోండి, ఫోన్ బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసేయండి. పిల్లాణ్ణి తలుపు వైపు తిప్పి నిలబెట్టండి. అసలు తిప్పలు ఇక్కడే ఉన్నాయి, తలుపు వైపు తిరిగిన పిల్లాడి చెయ్యి నేరుగా గడియ మీదకే పోతుంది. వాడి చేతులకి పని ఇవ్వండి. "నా బ్యాగ్ పట్టీ రెండు చేతులతో పట్టుకో, వదిలితే కింద తడిలో పడిపోతుంది" అంటే ఎంత అల్లరివాడైనా పట్టుకుంటాడు. ఏదైనా పాట పాడమనండి, లేదా వంద దాకా అంకెలు చెప్పమనండి. గొంతు వినిపిస్తుంటే మీకూ ధైర్యం.

పీరియడ్స్ టైమ్‌లో వెంట తీసుకెళ్తే "అమ్మా, అదేంటి" అని అడుగుతాడు. "పెద్దయిన ఆడవాళ్ళకి కావాల్సింది, ఇంటికెళ్ళాక చెప్తా" అనండి. ఇంటికెళ్ళాక వాడి వయసుకి తగ్గట్టు నిజంగానే చెప్పండి.

మా వాడికి ఏడేళ్ళు. "నేను మగపిల్లాణ్ణి, లేడీస్‌లోకి రాను" అంటున్నాడు.

వాడికి సిగ్గు తెలిసిందని సంతోషించండి. స్కూల్ స్నేహితుడెవరైనా చూసి నవ్వి ఉంటాడు. ఎగతాళి చేయకండి, నలుగురిలో లాక్కెళ్ళకండి. జనం, వెలుతురు ఉన్న చోట్ల ఒక్కడినే పంపుతాననీ, అలా లేని చోట నా వెంట రావాలనీ ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి. ఏది ఎలాంటి చోటో తేల్చేది మాత్రం మీరే.

మొదటిసారి ఒక్కడినే పంపేటప్పుడు ఏం నేర్పాలి?

ముందు గడియ. ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి, గడియ పెట్టే ముందు అది తిరిగి తీయడానికి వస్తుందో రాదో చూసుకోవాలని. బిగుసుకుపోయిన గడియ అయితే పెట్టనే వద్దు. లోపల ఎవరితోనూ కబుర్లు వద్దు, ఫోన్ వద్దు. ఎవరైనా దగ్గరికి వచ్చి మాట కలిపినా, సాయం చేస్తానన్నా పని సగంలో వదిలేసి, జిప్ వేసుకోకపోయినా సరే బయటికి పరుగెత్తి రావాలి. "అమ్మా" అని గట్టిగా అరవడంలో సిగ్గు లేదని చెప్పండి. పెద్దవాళ్ళ మాట వినాలి అని మనం రోజూ చెప్తుంటాం కాబట్టి, ఇక్కడ వినక్కర్లేదని విడిగా చెప్పకపోతే పిల్లలకి తెలియదు.

మీరు గుమ్మానికి ఎదురుగా నిలబడండి, ఫోన్ చూడకుండా. లోపలికి వెళ్ళేవాళ్ళకి ఒక తల్లి అక్కడ నిలబడి చూస్తోందని కనపడాలి, అదే సగం కాపలా. రావాల్సిన టైమ్‌కి రాకపోతే పేరు పెట్టి గట్టిగా పిలవండి. జవాబు రాకపోతే "లోపలికి వస్తున్నా" అని అరిచి వెళ్ళిపోండి. జెంట్స్ బోర్డు చూసి ఆగొద్దు.

మగపిల్లాడికి ఏం భయం, అందరూ ఆడపిల్లల గురించే కదా జాగ్రత్తలు చెప్తారు?

ఆ ఆలోచనే ప్రమాదం. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఒకేలా వర్తిస్తుంది, మగపిల్లలకీ ఆడపిల్లలకీ తేడా లేదు. అలాంటి నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098, అత్యవసరమైతే 112. పిల్లలకి "మంచి టచ్, చెడ్డ టచ్" ఎప్పుడో స్కూల్లో చెప్తారులే అని వదిలేయకండి, టాయిలెట్‌కి తీసుకెళ్ళేటప్పుడే చెప్తే బాగా అర్థమవుతుంది: నిన్ను కడగడానికి అమ్మ, నాన్న, అమ్మమ్మ ముట్టుకుంటారు, డాక్టరు గారు మేము పక్కన ఉన్నప్పుడు చూస్తారు, ఇంకెవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే నీ తప్పు కాదు, మాకు చెప్పు.

రైలుకీ బస్సుకీ వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

ఒక విధంగా రైలే నయం. పెట్టెలో టాయిలెట్లు ఆడ మగ అందరికీ ఒకటే కాబట్టి ఎటు వెళ్ళాలన్న గొడవ లేదు, మీరిద్దరూ కలిసి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకోవచ్చు. భయపడాల్సింది టాయిలెట్ పక్కనే ఉండే పెట్టె తలుపు గురించి. అది తరచుగా బార్లా తెరిచి ఉంటుంది. సీటు దగ్గర్నుంచి చెయ్యి పట్టుకుని వెళ్ళండి, ముందు పరుగెత్తనివ్వకండి. లోపల రైలు ఊగుతుంది కాబట్టి పిల్లల్ని రెండు చేతులతో పట్టుకోవాలి, అందుకే వాళ్ళ ప్యాంటు బయటే సగం వదులు చేసుకుని వెళ్ళండి. నీళ్ళు రాకపోయినా, కంపుకొడుతున్నా రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పండి.

బస్సు కష్టం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక పిల్లల్ని తీసుకుని ఒంటరిగా వెళ్ళే తల్లులు బస్సుల్లో బాగా కనిపిస్తున్నారు. ఎక్కేటప్పుడే డ్రైవరునో కండక్టరునో "బస్సు ఎక్కడ ఆపుతారండీ, పిల్లాడు ఉన్నాడు" అని అడిగి పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో సూర్యాపేట దగ్గర ఆపారనుకోండి, పిల్లాడు "నాకు రావట్లేదు" అన్నా ఒకసారి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. బస్సు కదిలిన పది నిమిషాలకి అడుగుతాడు. మధ్యలో నిజంగా అర్జెంట్ అయితే అడగడానికి మొహమాటపడకండి, చిన్నపిల్లలంటే ఆపుతారు. ఆపాక మీరు ముందు దిగి, బండ్లు వెళ్ళే వైపు కాకుండా రోడ్డుకి దూరంగా ఉన్న వైపే పిల్లల్ని దించుకోండి.

తిరుమల క్యూలో ఎలా?

వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నంతసేపు టాయిలెట్లు దగ్గర్లోనే ఉంటాయి. గేటు తీశాక లైన్ కదులుతుంది, అప్పుడు వెనక్కి రావడం కష్టం. కాబట్టి పక్క కంపార్ట్‌మెంట్‌ని వదులుతున్నారని వినపడగానే, మన వంతు రాకముందే పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళి వచ్చేయండి. క్యూలో చెప్పులుండవు, నేల తడిగా ఉంటుంది, కాళ్ళు తుడవడానికి ఒక పాత తువ్వాలు ముక్క పెట్టుకోండి.

మగపిల్లాడే కదా, రోడ్డు పక్కన పోయిస్తే అయిపోతుంది కదా?

తప్పనిసరి అయితే తప్ప వద్దు. ఒకటి, రోడ్డు పక్కన బండ్లు. రెండు, అది అలవాటైతే వాడు పెద్దయ్యాకా గోడ కనపడగానే నిలబడతాడు. మూడోది నాకు ముఖ్యం: పక్కనే అక్కో చెల్లో నిలబడి "వాడికైతే ఇక్కడే, నాకైతే ఇంటికెళ్ళేదాకా ఆగాలా" అని చూస్తూ ఉంటుంది. పెట్రోల్ బంకు కనపడితే ఆపండి, అక్కడ టాయిలెట్‌కి డబ్బులు ఇవ్వక్కర్లేదు. తాళం వేసి ఉంటే ఆఫీసులో అడిగి తీయించుకోండి.

నీళ్ళు తక్కువ తాగిస్తే సరిపోదా?

సరిపోదు. నీళ్ళు తక్కువైనా, ఆపుకోవడం అలవాటైనా యూరిన్ ఇన్ఫెక్షన్లు వస్తాయి, రెంటికి ఆపుకుంటే మలబద్ధకం పట్టుకుంటుంది. నీళ్ళు తాగించండి, గంటన్నర, రెండు గంటలకోసారి మీరే తీసుకెళ్ళండి. కూల్‌డ్రింకులు, టీ మాత్రం ప్రయాణంలో తగ్గించండి.

బ్యాగ్‌లో ఏం ఉండాలి?

ఒక జత బట్టలు, రెండు నిక్కర్లు, తడి బట్టలకి కవరు, వెట్ వైప్స్, పేపర్ సబ్బు, చిల్లర. వీటికన్నా ఉపయోగపడేది ఒక లీటరు ఖాళీ నీళ్ళ సీసా. కుళాయి ఉండి మగ్గు లేని చోట్లు, మగ్గు ఉన్నా ముట్టుకోబుద్ధి కాని చోట్లు ఎన్నో. బట్టల విషయానికొస్తే నడుముకి ఎలాస్టిక్ ఉన్నవే వేయండి. బెల్టులు, డంగ్రీలు, వీపు మీద జిప్పులు ప్రయాణానికి పనికిరావు.

ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ అలవాటైన పిల్లలు ఇండియన్ మీద కూర్చోలేరు, పల్లెలో పెరిగిన పిల్లలు మాల్లో దానంతట అదే ఫ్లష్ అయ్యే శబ్దానికి జడుసుకుంటారు. రెండూ ముందే ఒకసారి చూపించి పెట్టండి. ఫ్లష్ సెన్సర్ మీద మీ చెయ్యి అడ్డం పెట్టి ఉంచితే పిల్లలు లేచేదాకా మోగదు.

పిల్లాడికి పదకొండేళ్ళు, ఎదుగుదల లోపం ఉంది. ఇప్పటికీ నేనే తీసుకెళ్ళాలి. జనం చూసే చూపు భరించలేకపోతున్నా.

మీ పిల్లాడికి వయసు లెక్క వర్తించదు. వీల్‌చైర్ బొమ్మ ఉన్న టాయిలెట్ మీలాంటి వాళ్ళకీ ఉద్దేశించిందే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మీ వెనక ఉంది. వైకల్య ధ్రువపత్రం ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, అడిగిన సిబ్బందికి చూపించి తాళం తీయించుకోండి. అది లేని చోట లేడీస్‌లోకి తీసుకెళ్తూ "బాబుకి సాయం కావాలండీ, ఒక్కడే వెళ్ళలేడు" అని గుమ్మంలోనే చెప్పండి. అంతకుమించి ఎవరికీ వివరణ ఇవ్వక్కర్లేదు. ఇది చదువుతున్న మిగతావాళ్ళకి నాదొక విన్నపం: అలాంటి తల్లి కనపడితే ముఖం చిట్లించకండి, లైన్లో ముందుకి పంపండి.

అమెరికా వెళ్తున్నాం. అక్కడ ఎలా?

ఎయిర్‌పోర్టుల్లో, పెద్ద స్టోర్లలో ఫ్యామిలీ రెస్ట్‌రూమ్ అని విడిగా ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్ళండి. డైపర్ మార్చే బల్ల మగవాళ్ళ వైపు కూడా చాలాచోట్ల ఉంటుంది. ప్రజలు వచ్చే ఫెడరల్ భవనాల్లో రెండు వైపులా ఉండాలని 2016లో చట్టమే చేశారు. అక్కడి క్యాబిన్ తలుపుల కింద ఖాళీ ఎక్కువ, చిన్నపిల్లలు దూరి పక్క క్యాబిన్‌లోకి పాకిపోతారు, చెయ్యి వదలకండి. క్యాబిన్‌లో కడుక్కోవడానికి నీళ్ళు ఉండవు, సీసా మర్చిపోవద్దు.

మన దగ్గర ఫ్యామిలీ టాయిలెట్లు ఎప్పుడు వస్తాయి? ఎవరిని అడగాలి?

అడిగితేనే వస్తాయి. మాల్ అయితే హెల్ప్ డెస్క్‌లో ఫీడ్‌బ్యాక్ పుస్తకం ఉంటుంది, అందులో రాయండి, తర్వాత ఈమెయిల్ పెట్టండి. ఊళ్ళో పబ్లిక్ టాయిలెట్ అయితే మున్సిపాలిటీకి స్వచ్ఛత యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు పెట్టవచ్చు. బస్టాండులో డిపో మేనేజర్‌కి కాగితం మీద రాసి ఇవ్వండి. "సౌకర్యాలు మెరుగుపరచాలి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "లోపలి నుంచి గడియ పడే ఒక విడి గది, ఒక కుళాయి, ఒక మేకు, డైపర్ మార్చడానికి ఒక బల్ల, బయట తల్లి లేదా తండ్రి పిల్లలతో రావచ్చు అన్న బోర్డు" అని విడివిడిగా రాయండి. కొత్తగా కట్టక్కర్లేదు, వాడకుండా చీపుర్లు, బకెట్లు పెట్టి తాళం వేసిన ఒక క్యాబిన్ చాలాచోట్ల ఉంటుంది. దాన్ని ఖాళీ చేయించమని అడగండి. నాన్నలు కూడా సంతకం పెట్టి ఇస్తే ఇంకా మంచిది, ఇప్పటిదాకా ఆ పుస్తకాల్లో రాసేది ఎక్కువగా అమ్మలే.